గొలుసు ఎక్కడ తెగింది?

పుష్యమాసం చలి. ఒకవైపు పత్తి చివరి తీతకొచ్చింది, ఇంకోవైపు మిరప తొలి కోతకొచ్చింది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం ఊళ్లలో పొద్దుగూకితే టీ బంకు దగ్గర రెండే మాటలు: క్వింటా ఎంత పలికింది, రాత్రి కబడ్డీ ఏమైంది. 2024 సంక్రాంతి రోజుల్లో ప్రొ కబడ్డీ పట్టికలో తెలుగు టైటాన్స్ అట్టడుగున ఉంది. ఓడిన మర్నాడు ఈ వైపు వినిపించే వాదన ఇలా ఉంటుంది.

"కార్నర్ వోడు తొందరపడ్డాడు బాబాయ్, అందుకే పోయింది."

"వాడు దూకింది నిజమేరా అబ్బాయ్. పక్కనోడు చెయ్యెందుకు వదిలాడు?"

ఆ రెండో ప్రశ్న దగ్గరే అసలు ఆట ఉంది. నలుగురైదుగురు కలిసి గోడలా నిలబడాల్సిన ఏ ఆటలోనైనా ఓటమికి ఒక్కడి పేరు చెప్పడం తేలిక. గొలుసు ఎక్కడ తెగిందో చూడటానికి మాత్రం కన్ను అలవాటు పడాలి. అలా చూడటానికి పనికొచ్చే విశేషాలు కొన్ని ఇవి.

ఏడుగురికీ ఏడు చోట్లు

పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్యగీతకు అటూ ఇటూ ఆరున్నర మీటర్ల చొప్పున. కూతకొచ్చినవాణ్ణి పట్టడానికి నిలబడే ఏడుగురికీ చోట్లు ఉన్నాయి: రెండు చివర్ల ఇద్దరు కార్నర్లు, వాళ్ల పక్కన ఇద్దరు ఇన్‌లు, ఆపైన ఇద్దరు కవర్లు, నడుమ ఒక సెంటర్. కార్నర్, ఇన్ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒక జంటగా కదులుతారు. కార్నర్ పని కాలు పట్టడం. చీలమండ దగ్గరో తొడ దగ్గరో దొరకబుచ్చుకుంటాడు. కవర్ పని ఎదురెళ్లి అడ్డుపడటం, లేదా ఒక్క గుద్దుతో గీత బయటికి నెట్టడం. కార్నర్ పట్టుకున్నాక కవర్ అరక్షణం ఆలస్యంగా వస్తే ఆ పట్టుకు విలువ లేదు. కూతగాడు ఈడ్చుకుంటూ మధ్యగీత అందుకుంటాడు. చూసేవాళ్లకు కార్నర్ జారవిడిచినట్టే కనిపిస్తుంది.

చెయ్యి పట్టుకోవడమూ ఒక విద్యే

ఊళ్లో పిల్లలకు ఆట నేర్పే పెద్దవాళ్లు ముందుగా చెప్పేది పట్టు గురించి కాదు, పక్కవాడి చెయ్యి గురించి. వేళ్ల సందుల్లో వేళ్లు దూర్చొద్దంటారు. మెలిక పడితే వేలు విరుగుతుంది, పైగా విడిపించుకోవాల్సినప్పుడు చెయ్యి రాదు. అరచేతిని అరచేతికి ఆనించి, నాలుగు వేళ్లూ కొక్కెంలా మడిచి పట్టుకోవాలి. మరీ బిగిస్తే ఇద్దరూ ఒకే అడుగుకు కట్టుబడతారు, మరీ వదులైతే కూతగాడు ఆ సందులోనే దూరతాడు. దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది: మంచి జంటలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఇద్దరి కళ్లూ కూతగాడి నడుము మీదే ఉంటాయి. మాట్లాడుకునేది చేతులే. ఒకడు చిన్నగా లాగితే రెండోవాడు వెనక్కి అడుగేస్తాడు, చెయ్యి వదిలితే దూకుతున్నాడని అర్థం.

నల్లరేగడి మీద బరి

మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పత్తికి ప్రాణమైన ఆ గుణమే కబడ్డీ ఆడే కాలికి చేటు. నెర్రెలో మడమ దిగితే మడత పడినట్టే. అందుకే పండగ పోటీలకు బరి సిద్ధం చెయ్యాలంటే దున్ని, గడ్డలు నలగ్గొట్టి, మెత్తని మన్ను పోసి చదును చెయ్యాలి. మట్టి, ఎరువు, రంపపు పొట్టు కలిపి మెత్తగా తయారు చేసిన నేల అని కబడ్డీ నియమావళిలోనే ఉంది. మట్టి మీద నేర్చినవాడు మ్యాట్ మీదికెళ్తే కొన్నాళ్లు తడబడతాడు. మట్టిలో పాదం కొంచెం జారి ఆగుతుంది, మ్యాట్ మీద షూ పట్టేసుకుంటుంది. గొలుసులో ఒక్కడి అడుగు ఆ తేడాకు లోనైనా పక్కవాడి లెక్క తప్పుతుంది.

కోటీ నలభై అయిదు లక్షలు, రెండు కోట్ల అరవై లక్షలు

2019లో టైటాన్స్ సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకు కొనుక్కుంది. ఆ సీజన్‌లో 12 జట్లలో పదకొండో స్థానం దక్కింది. 2023లో పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు పెట్టింది. అప్పటికి లీగ్ చరిత్రలో అదే అత్యధిక ధర. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు రెండే గెలుపులు. అంతకు ముందు సీజన్‌లోనూ రెండే, దానికి ముందు ఒక్కటే. మూడు సీజన్లు వరుసగా చివరి స్థానమే. వాళ్లిద్దరూ సామాన్యులు కారు. పవన్ 2019లో ఒక్క మ్యాచ్‌లోనే 39 రెయిడ్ పాయింట్లు తెచ్చినవాడు. కాని కూతగాడు ఎన్ని తెచ్చినా పట్టేవాళ్లు అంతకంటే ఎక్కువ పోగొడితే జమ మిగలదు. మిరప రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు: కాపు ఎంత విరగకాసినా కళ్లంలో తడిస్తే చేతికొచ్చేది తాలుకాయే.

దూకుడు ఎవరిది?

కూతగాడు ఇంకా తాకడానికి ప్రయత్నించకముందే డిఫెండర్ ఎగిరి మీదపడటాన్ని అడ్వాన్స్ ట్యాకిల్ అంటారు. తగిలితే చప్పట్లు, తప్పితే పాయింటు పోతుంది, మనిషీ పోతాడు. కూతకున్న గడువు 30 సెకన్లు. ప్రొ కబడ్డీలో వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో, అంటే డూ ఆర్ డై. పాయింటు తేకపోతే కూతగాడు అవుటే. అప్పుడు తొందర ఉండాల్సింది కూతగాడికి. అలాంటి కూతలోనూ డిఫెండరే తొందరపడితే ఆ పట్టు బలం లేక పోయినట్టు కాదు, ఓపిక లేక పోయినట్టు. టీ బంకు దగ్గర బాబాయిలు ఎక్కువసార్లు కోప్పడేది ఇందుకే. ఆ కోపం న్యాయమైనదే.

ముగ్గురే మిగిలినప్పుడు

కబడ్డీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నియమం సూపర్ ట్యాకిల్. కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువ మందో ఉండగా కూతగాణ్ణి పట్టేస్తే ఒక పాయింటుకు రెండు వస్తాయి. ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడు మాత్రం కూతగాడికి బోనస్ గీత తెరుచుకుంటుంది. ఎక్కువ మంది ఉన్నవాళ్ల మీద భారం, తక్కువ మంది ఉన్నవాళ్లకు ఊతం. ఆఖరి ముగ్గురి ఆట గమనించండి. అప్పటిదాకా ఎవరికివారుగా ఆడినవాళ్లు ఒక్కసారిగా దగ్గరికొస్తారు. ఎవరు ఎప్పుడు దూకాలో ముగ్గురికీ తెలిసిపోతుంది. ఏడుగురున్నప్పుడు కుదరనిది ముగ్గురితో కుదురుతుంది.

ఒక్క కూతకు ఎనిమిది

2017లో పట్నా పైరేట్స్ ఆటగాడు పర్దీప్ నర్వాల్ హరియాణా స్టీలర్స్ మీద ఒకే కూతలో ఎనిమిది పాయింట్లు తెచ్చాడు. మిగిలిన ఆరుగురినీ తాకినందుకు ఆరు, ఆలౌట్‌కు రెండు. అతని పేరుతో ముడిపడిపోయిన ఎత్తు డుబ్కీ. చేతులు చాచి మూసుకొస్తున్న గొలుసు కిందినుంచి మునిగి లేస్తాడు. అందరూ ఒకేసారి మీదపడటం మంచిదేగా అనుకునేవాళ్లకు ఆ కూత జవాబు. అందరూ వచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కో ఎత్తులో, ఒక్కో క్షణంలో వచ్చారు. ఆ తేడాలే అతనికి దారులయ్యాయి.

అమెరికాలో అదే గోడ, పేరు వేరు

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మన గుంటూరు, ఒంగోలు కుటుంబాలు చాలా ఉన్నాయి. డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2016 నుంచి అక్కడి ప్రధాన కేంద్రం నుంచే నడుస్తోంది. ఆ ఆటలో బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని ముందు అయిదుగురు నిలబడతారు: నడుమ సెంటర్, అటూ ఇటూ ఇద్దరు గార్డులు, చివర్ల ఇద్దరు ట్యాకిళ్లు. ఇదే అఫెన్సివ్ లైన్. మామూలుగా ఎదుటి జట్టు నలుగురిని మీదికి తోలుతుంది. అయిదుగురినో ఆరుగురినో తోలితే దాని పేరు బ్లిట్జ్. జర్మన్ భాషలో మెరుపు అని అర్థం. అయిదుగురి మీదికి ఆరుగురొస్తే ఒకడు మిగిలిపోతాడు. వాడిని ఎవరు చూసుకోవాలన్నది బంతి కదలక ముందే తేలిపోవాలి. సెంటర్ చేత్తో చూపించి, కేకేసి పంచుతాడు: ఇతను నీవాడు, అతను నావాడు. ఆ పంపకంలో ఒక్కడు పొరబడినా క్వార్టర్‌బ్యాక్ నేల కరుస్తాడు. మర్నాడు అక్కడి అభిమానులు చేసే వాదన మన టీ బంకు వాదనకు కవల.

అరుపుల్లో మాట మునిగితే

2014 సెప్టెంబరు 29న కాన్సస్ సిటీలోని యారోహెడ్ స్టేడియంలో అభిమానుల అరుపు 142.2 డెసిబెల్స్‌గా నమోదై గిన్నిస్‌కెక్కింది. బయటి ఊరి జట్టుకు ఆ హోరులో పక్కవాడి మాట వినిపించదు. అందుకే తల ఊపడం, కాలు కదపడం లాంటి సైగలతో ఆట మొదలుపెడతారు. మన ఊరి బరి చుట్టూ గీత దాకా తోసుకొచ్చే జనం, ఈలలు, మైకులో వ్యాఖ్యానం మధ్య కూడా ఇదే ఇబ్బంది. అప్పుడు మిగిలేది చేతి సైగే. పక్కవాడి చెయ్యి చెప్పేది చెవితో పని లేకుండా తెలుస్తుంది.

పేరు రాని పని

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినవాడికి "శాక్" అని లెక్క రాస్తారు. ఆటగాడి పేరున అధికారికంగా రాయడం 1982లో మొదలైంది. పడకుండా కాపాడిన లైన్‌మ్యాన్‌కు అలాంటి అధికారిక లెక్క లేదు. ఆట అంతా గోడలా నిలబడితే అతని పేరు ఎవరూ ఎత్తరు, ఒక్కసారి జారితే టీవీలో పదిసార్లు చూపిస్తారు. మన కవర్ డిఫెండర్ గతీ అదే. నలుగురు కలిసి పట్టినా ట్యాకిల్ పాయింటు ఒక్కడి పేరున పడుతుంది. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు కాలు పట్టినవాణ్ణి కాదు, వాడి వెనక నడుముకు అడ్డుపడ్డవాణ్ణి చూడండి. స్కోరు పట్టికలో లేని ఆట కనిపిస్తుంది.

ఒకే కాడి కింద ఇద్దరు

సంక్రాంతికి ఈ ప్రాంతంలో కబడ్డీతో పోటీపడేది ఒంగోలు ఎడ్ల బండలాగుడు. పళ్లను బట్టి విభాగాలు ఉంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, పెద్దవాటికి సీనియర్స్. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. ఇక్కడి రైతు గొప్ప గిత్త ఒకటి దొరికితే సంబరపడిపోడు, దానికి జత కోసం ఊళ్లు తిరుగుతాడు. ఎంత బలమైన గిత్త అయినా పక్కది అడుగు ఆలస్యం చేస్తే కాడి వంకరపోతుంది, బండ పక్కకు తిరుగుతుంది. బ్రెజిల్ దాకా వెళ్లి అక్కడ నెలోర్ పేరుతో లక్షల మందలుగా పెరిగిన జాతి ఇది. సొంతూళ్లో మాత్రం దాని విలువ ఇప్పటికీ జతతోనే కడతారు.

పట్టుతో గెలిచిన దేశం

కబడ్డీ ఆసియా క్రీడల్లోకి వచ్చింది 1990లో, బీజింగ్‌లో. అప్పటి నుంచి 2014 దాకా పురుషుల బంగారు పతకం ప్రతిసారీ మనదే. 2018లో జకార్తాలో ఇరాన్ సెమీఫైనల్లో 27-18తో మనల్ని ఆపింది. మనకు వచ్చిన 18 పాయింట్లు చూస్తే చాలు, ఆ రోజు గెలిచింది వాళ్ల పట్టు అని తెలుస్తుంది. 2023 అక్టోబరులో హాంగ్‌జౌలో ఫైనల్ 33-29తో మళ్లీ మనకొచ్చింది. 28-28 దగ్గర పవన్ సెహ్రావత్ కూత మీద వివాదం రేగి ఆట చాలాసేపు ఆగిపోయింది. డిఫెండర్లను తాకకుండానే అతను కోర్టు పక్కనుండే లాబీలోకి వెళ్లాడు, వాళ్లు వెంటపడి వచ్చారు. లాబీలోకి వెళ్లినవాళ్లలో ఎవరు అవుట్, ఎవరికి ఎన్ని పాయింట్లు అన్నదే ఆ వాదనంతా.

సినిమాలో హీరో ఎక్కువగా కూతగాడే

2003లో వచ్చిన "ఒక్కడు"లో మహేశ్‌బాబు కబడ్డీ ఆటగాడు. 2010లో "భీమిలి కబడ్డీ జట్టు", 2021లో "సీటీమార్" కూడా ఈ ఆట చుట్టూ అల్లిన కథలే. మన ఊళ్లలో కబడ్డీకి వాటి వల్ల ఎంతో ఉత్సాహం వచ్చింది, కాదనను. ఇక ఎడమ కార్నర్‌గా నిలబడి, పక్కవాడి చెయ్యి వదలకుండా జట్టును గెలిపించిన కుర్రాడి కథ ఎవరైనా తీస్తే చూడాలని ఉంది.

మళ్లీ అతికిన గొలుసు

అట్టడుగున మూడేళ్లు ఉన్న టైటాన్స్ 2024లో 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానానికి ఎగబాకింది. ప్లేఆఫ్స్‌కు ఒక్క మెట్టు కింద ఆగింది. 2025 ఆగస్టు 29న సీజన్ విశాఖలోనే మొదలైంది. ఆ రాత్రి పవన్ తమిళ్ తలైవాస్ తరఫున పాత జట్టు మీదికి కూతకొచ్చాడు. అందరికంటే ఖరీదైన ఆటగాడు వెళ్లిపోయాక విజయ్ మలిక్ నాయకత్వంలో టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరి, క్వాలిఫైయర్-2లో పుణేరి పల్టన్ చేతిలో ఆగిపోయింది.

కప్పు రాలేదు. అయినా టీ బంకు దగ్గర మాట మారింది. కార్నర్‌ను తిట్టిన ఆ కుర్రాడే ఈసారి రెండు గ్లాసులు బల్ల మీద పక్కపక్కన పెట్టి, "ఇది కార్నర్, ఇది ఇన్. ఇది కదిలితే ఇదీ కదలాల బాబాయ్" అని జరిపి చూపిస్తున్నాడు. బాబాయి తన గ్లాసు కూడా తెచ్చి వాటి పక్కన పెట్టాడు. "మరి కవర్‌ని మర్చిపోయావేంది?"