రోజుకు 6 వేల నుంచి 70 వేలకు: సెవిల్ సైకిలు లెక్క

దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ నగర జనాభా సుమారు 7 లక్షలు. 2006 నాటికి అక్కడ రోజుకు సైకిలు ప్రయాణాలు 6 వేలకు కాస్త ఎక్కువ, అంతే. కొద్ది ఏళ్లలోనే అవి 70 వేలు దాటాయి. మొత్తం ప్రయాణాల్లో సైకిలు వాటా అర శాతం నుంచి 6 శాతానికి పెరిగింది. ఇంత మార్పు ఎలా సాధ్యమైంది?

ఒకేసారి 80 కిలోమీటర్లు

తొలి విడతలోనే 80 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. 2010 నాటికి దాన్ని 120 కిలోమీటర్లకు పెంచారు. గుట్టంతా అలా ఒకేసారి వేయడంలోనే ఉంది. పేటకో ముక్క చొప్పున వేసుకుంటూ పోతే, ముక్క అయిపోయిన చోట సైకిలిస్టు మళ్లీ బస్సులు, లారీల మధ్యకు దిగాల్సిందే. ఆ ఒక్క చోటి భయం చాలు, పిల్లల్ని సైకిలు మీద బడికి పంపడానికి తల్లిదండ్రులు వెనకాడతారు. సెవిల్ మాత్రం ఇళ్లు, విశ్వవిద్యాలయం, ఆఫీసులు, బజార్లు ఒకదానితో ఒకటి కలిసేలా దారులు అల్లింది.

దారి వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. రాకపోకలు రెండూ అందులోనే. కాలిబాట ఎత్తుకు లేపి, ఆకుపచ్చ రంగు వేసి, వాహనాలు చొరబడకుండా వేరుచేశారు. మరి చోటెక్కడిది? రోడ్డు పక్కన వరసగా ఆపిన కార్లు ఆక్రమించేదీ దాదాపు అంత వెడల్పే. సుమారు 5 వేల పార్కింగ్ స్థలాలను తీసేసి, ఆ చోటును సైకిళ్లకు ఇచ్చారు. 2007లో 2,500 అద్దె సైకిళ్లు కూడా రావడంతో సొంత సైకిలు లేనివాళ్లకూ దారి దొరికింది.

ఖర్చెంత?

సైకిలు దారులకు అయిన ఖర్చు దాదాపు 3.2 కోట్ల యూరోలు. అదే నగరంలో ఒక్క మెట్రో లైనుకు 80 కోట్ల యూరోలు అయ్యాయి. దాని మీద అప్పట్లో రోజుకు 44 వేల ప్రయాణాలు జరిగేవి. భాగించి చూస్తే, రోజువారీ ప్రయాణం ఒక్కొక్కదానికి పెట్టుబడి మెట్రోలో 18 వేల యూరోలు, సైకిలు దారిలో 460 యూరోల లోపు. మెట్రో దూరప్రయాణాలకు కావాలి, కాదనలేం. దగ్గరి ప్రయాణాలకు ఇంత చవకైన ఏర్పాటు మరొకటి దొరకడం కష్టం.

మన ఎండల్లో కుదురుతుందా?

సెవిల్‌లోనూ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నేల చదునుగా ఉండటం ఆ ఊరికి కలిసొచ్చింది. ఆ వసతి విజయవాడ నడిబొడ్డుకూ ఉంది. పైగా బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే సాగుతాయి. వాటి గట్ల వెంట చెట్ల నీడలో సైకిలు దారులు వేసి, బజార్లకూ బస్టాండుకూ కలిపితే ఎంత మేలో ఊహించండి.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. వెడల్పు 4.5 మీటర్లు, పైకప్పుగా 16 మెగావాట్ల సౌర ఫలకాలు. నీడకు నీడ, కరెంటుకు కరెంటు. వ్యాయామానికి చక్కటి చోటు. అయితే అది ఉన్నది నగరం అంచున. సికింద్రాబాద్‌లో గుమాస్తాకూ, మలక్‌పేటలో విద్యార్థికీ అది రోజువారీ దారి కాలేదు.

2011 జనగణన నాటికి దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. తెల్లవారగానే పాల క్యాన్లు తగిలించుకునేవారు, పనిముట్ల సంచితో మేస్త్రీ పనికి వెళ్లేవారు ఏ దారీ లేకుండానే ఇప్పటికీ తొక్కుతున్నారు. ముందు రక్షణ కావాల్సింది వాళ్లకే. కాబట్టి మీ ఊళ్లో సైకిలు దారి వేస్తామని కార్పొరేషన్ ప్రకటిస్తే, ఎన్ని కిలోమీటర్లని అడిగి ఊరుకోవద్దు. ఏ పేటను ఏ బజారుతో, ఏ బడితో కలుపుతారో, మధ్యలో ఎక్కడైనా తెగుతుందేమో అడగండి.