మాటకు ముందు ఒట్టెందుకు?

దర్శనపు వరుసలో ఒక అరగంట నిలబడిన వారికి ఈ మాటలు వినబడక మానవు. "దేవుడి తోడు, తెల్లవారకముందే బయలుదేరాం." "అమ్మతోడు, నేను చూడనే లేదు." "నీ మీద ఒట్టు, రేపు ఇచ్చేస్తాను." ఒకరు ఫోనులో అంటూ ఉంటారు, మరొకరు పక్కనున్న వారితో. విషయం బస్సు ఎక్కడి దాకా వచ్చిందన్నంత చిన్నది. దానికి సాక్షిగా పిలిచినది మాత్రం లోకసాక్షియైన భగవంతుని. ఇంత చిన్న మాటకు అంత పెద్ద సాక్షి ఎందుకు కావలసి వస్తున్నాడు?

ఒట్టు, ఆన, బాస, ప్రతిన, ప్రమాణం, శపథం. ఈ ఒక్క భావానికి తెలుగులో పదాలకు కొదువ లేదు. వీటిలో కొన్ని వేరొక మాట నుండి మారినవి. ఆజ్ఞ ఆనయైనది, భాష బాసయైనది, ప్రతిజ్ఞ ప్రతినయైనది. శపథమన్న పదం దగ్గర మాత్రం కాస్త ఆగవలసి ఉన్నది. అది 'శప్' అనే ధాతువు నుండి పుట్టినది. ధాతుపాఠం ఆ ధాతువునకు ఆక్రోశమని, అనగా దూషించడమని, అర్థం చెప్పినది. శాపమన్న మాటకూ అదే ధాతువు. శపథం తనకు తాను పెట్టుకొనే శాపం. దానికొక షరతు ఉంటుంది, అంతే. "నేను చెప్పినది అబద్ధమైతే నా కళ్లు పోతాయి" అని పల్లెలో ఎవరైనా అంటే అది శపథానికి పూర్తి రూపం. "దేవుడి తోడు" అన్నప్పుడు సాక్షిని మాత్రమే పిలిచి, శిక్షను చెప్పే సగాన్ని మింగివేస్తున్నాము. అన్నవాడు ఆ సగాన్ని మరచిపోయినా విన్నవారు మరచిపోరు. కొడుకు నోట "అమ్మతోడు" అన్న మాట పడగానే "ఒట్లు పెట్టకురా" అని తల్లి కసురుకోవడం అందుకే.

వాల్మీకి రామాయణంలోని అయోధ్యాకాండలో ఈ రెండో సగం సంపూర్ణంగా కనబడే ఘట్టం ఒకటున్నది. కేకయ దేశం నుండి తిరిగివచ్చిన భరతుడు కౌసల్య ఎదుట నిలిచాడు. వరాలు కోరినది అతని తల్లి, కోరినది అతని కోసం. ఆ సమయంలో తాను దూరదేశంలో ఉన్నాడన్నది తప్ప తనకేమీ తెలియదని నిరూపించడానికి అతని చేతిలో వేరొక ఆధారం లేదు. అప్పుడు భరతుడు శపథం చేశాడు. అన్నగారి వనవాసానికి సమ్మతించిన వానికి నిద్రించే గోవును కాలితో తన్నిన పాపం తగులుగాక అన్నాడు. ప్రజల వద్ద ఆరవ పాలు పన్నుగా పుచ్చుకొని వారిని రక్షించని రాజుకు కలిగే పాపం తగులుగాక అన్నాడు. అలా పాపం వెంట పాపం పేర్కొంటూ సర్గలో చాలా దూరం సాగాడు. ప్రతి శాపమూ తన తల మీదకే. కౌసల్య తట్టుకోలేక అతనిని ఒడిలోకి తీసుకొని ఏడ్చినది.

అదే కాండలో, దీనికి ముందే, మరొక శపథమున్నది. కోపగృహంలో నేల మీద పడి ఉన్న కైకేయిని దశరథుడు బుజ్జగించాడు. ఆమె కోరబోయేది ఏమిటో వినకుండానే, ఎవరిని చూడక తాను క్షణమైనా జీవించలేడో ఆ రాముని మీద ఒట్టు వేసి, తప్పక తీరుస్తానన్నాడు. కైకేయి వెంటనే సూర్యచంద్రులను, దేవతలను సాక్షులుగా పిలిచి, ఆ తరువాతనే వరాలు బయటపెట్టినది. ఒట్టు వేసినవాడు దశరథుడు. అడవికి వెళ్లినవాడు ఆ గదిలో లేనే లేని రాముడు.

నేడు మన నోట దొర్లే ఒట్లలో ఎక్కువ భాగం భరతుని వంటివి కావు, దశరథుని వంటివి. మన తలను కాక అమ్మ తలను, బిడ్డ తలను, ఎదుటివారి తలను తాకట్టు పెడుతున్నాము. దీనికీ పాత ఆధారమున్నది. భార్య తలను, పిల్లల తలలను విడివిడిగా తాకించి ప్రమాణం చేయించవచ్చునని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో చెప్పినది. అయితే ఆ మాట న్యాయసభకు చెందినది, వీధికి కాదు. ఎంత స్వల్ప విషయంలోనైనా తప్పుడు ప్రమాణం చేయరాదనీ, చేసినవాడు ఇహపరాలు రెంటికీ చెడుతాడనీ అదే అధ్యాయం హెచ్చరించినది. బిడ్డ తొందరపడి తన మీద వేసిన ఒట్టు తప్పినదని భయపడే తల్లులు ఎందరో ఉన్నారు. వారు గమనించదగినది ఇక్కడే ఉన్నది. చెడేది చేసినవాడని శాస్త్రం చెప్పినది గాని, ఎవరి మీద చేశారో వారని చెప్పలేదు.

ప్రమాణాన్ని మన పూర్వులు అంత తేలికగా వాడలేదు. యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారం వివాదంలో ముందుగా చూడవలసినవి పత్రం, అనుభవం, సాక్షులు. ఈ మూడూ లేనప్పుడే దివ్యం. తుల, అగ్ని, జలం, విషం, కోశం అని దివ్యాలు ఐదు. వీటిని పెద్ద అభియోగాలకే వాడాలి. అంతేకాదు, తన ఆరోపణ తప్పైతే శిక్షకు సిద్ధమని ఆరోపించినవాడు కూడా ఒప్పుకోవాలి. అంటే ఇరువైపులా పణం ఉండవలసినదే. కోశమంటే ఉగ్రదేవతలను అభిషేకించిన జలాన్ని మూడు పుడిసెళ్లు త్రాగడం. పద్నాలుగు దినాలలో ఘోరమైన ఆపద ఏదీ రాకపోతే అతడు శుద్ధుడు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగులో పద్యకావ్యం చేశాడు. కనుక ఈ నియమాలు సంస్కృత పండితులకే పరిమితమైపోలేదు.

దాతలు ఎరిగిన ప్రమాణమొకటి ఆలయ శిలాశాసనాలలో ఉన్నది. భూమిని, గోవులను, అఖండదీపాన్ని సమర్పించిన వివరాలు ముగిశాక, ఆ ధర్మాన్ని చెడగొట్టినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని చెక్కిస్తారు. దానభూమిని హరించినవాడు అరువది వేల ఏండ్లు మలంలో పురుగై పుడతాడన్న శ్లోకం శాసనాలలో పదే పదే వస్తుంది. దాత ఎల్లకాలం బ్రతికి ఉండడు, కావలి కాయలేడు. అందుకని శాపాన్ని కావలి పెట్టాడు. భరతునికి సాక్షి లేడు, దాతకు ఆయుర్దాయం చాలదు. ఇద్దరికీ వేరు దారి లేదు.

మరి వేరు దారులు ఎన్నో ఉన్నచోట కూడా మనం ఒట్టు ఎందుకు వేస్తున్నాము? మాట అరిగిపోవడం ఒక కారణం. మొదట "అవును" చాలేది. తరువాత "నిజం" కావలసివచ్చినది, ఆ పైన "నిజంగా నిజం", ఆ పైన ఒట్టు. ఒట్టు కూడా రోజుకు పదిసార్లు వాడితే అరుగుతుంది. అప్పుడు ఒకటికి మూడు ఒట్లు వేస్తారు. ఆ క్షణంలో ఖర్చు లేకపోవడం మరొక కారణం. అడిగేవాడు రాని తాకట్టును ఎన్నిసార్లైనా పెట్టవచ్చును. అయితే వీటి కంటె బలమైనది, మనం పైకి ఒప్పుకోనిది, ఇంకొకటున్నది. ఒట్టు ఎదుటివారి నోరు మూయిస్తుంది. అప్పు తీర్చలేదేమని అడిగినవారికి తేదీ చెప్పవలసి ఉంటుంది, జీతం సగమే ఇంటికి వచ్చినదేమని అడిగిన భార్యకు లెక్క చెప్పవలసి ఉంటుంది. "దేవుడి తోడు" అంటే ఆ పని తప్పుతుంది. ఇంకా అడిగితే దేవునినే శంకించినట్లవుతుందని వారు ఊరుకుంటారు. ఒట్టు అలవాటైన ఇంట లెక్కలు అడగడం ఆగిపోతుంది. నష్టం తెలిసేసరికి చాలా కాలం గడచిపోయి ఉంటుంది.

చిత్తూరు జిల్లా కాణిపాకంలో వరసిద్ధి వినాయకస్వామి సన్నిధిలో చేసే ప్రమాణాలకు ఇప్పటికీ బరువున్నది. అక్కడ అబద్ధమాడినవారిని స్వామి శిక్షిస్తాడన్నది తరతరాల విశ్వాసం. ప్రయాణం చేయాలి, స్నానమాడాలి, విగ్రహానికి ఎదురుగా నిలబడి నోరు విప్పాలి. నోటికి వచ్చినప్పుడల్లా వేసే ఒట్టుకు ఈ శ్రమ ఏదీ లేదు.

ఆంగ్లేయుల నాటి 1873 ప్రమాణాల చట్టం ఈ విశ్వాసాన్ని న్యాయస్థానం లోపలికే రానిచ్చినది. ప్రతివాది ఫలానా విధంగా ప్రమాణం చేసి చెబితే దానికి కట్టుబడతానని వాది ఒప్పుకోవచ్చును. అలా చెప్పిన సాక్ష్యం ఒప్పుకున్నవానిపై తిరుగులేని రుజువు. 1969లో వచ్చిన నేటి చట్టంలో ఆ వెసులుబాటు లేదు. సాక్షి భగవంతుని పేర ప్రమాణం చేయవచ్చును, లేదా భగవంతుని ప్రస్తావన లేకుండా నిష్ఠతో చెబుతున్నానని అనవచ్చును. అబద్ధపు సాక్ష్యానికి 7 ఏళ్ల వరకు జైలు శిక్ష వేరుగా ఉండనే ఉన్నది. ఇదే చట్టంలో ఒక చక్కని మినహాయింపు కూడా ఉన్నది. నిజం చెప్పాలన్న బాధ్యత తెలిసి, ప్రమాణమంటే ఏమిటో ఇంకా తెలియని పన్నెండేళ్ల లోపు బిడ్డ చేత ప్రమాణం చేయించనక్కరలేదు.

ఇంతా చెప్పి, తెలుగు ఇళ్లలోని మరొక ఒట్టును విడిచిపెట్టడం న్యాయం కాదు. "నా మీద ఒట్టు, ఇంకొక ముద్ద తిను" అనే నాయనమ్మ ఒట్టులో నిరూపించవలసిన నిజమూ లేదు, దాచవలసిన అబద్ధమూ లేదు. అది ఎదుటివారికి పెట్టే ఆన, ప్రేమతో వేసే ఆజ్ఞ. మానుకోవలసిన అలవాటు మీద తనకు తానే ఒట్టు పెట్టుకొనేవారున్నారు. స్వామి ముందు పొగాకు మీద అలా ఒట్టు పెట్టుకొని నిలబెట్టుకున్న పెద్దలు మన ఊళ్లలో కనబడతారు. వారు భరతుని వలె తమ తలనే పణంగా పెట్టారు. ఇక పిల్లల సంగతి వేరు. ఆటలో తొందరపడి ఒట్టు వేసుకుంటారు, ఆట ముగిసే వేళకు "ఒట్టు తీసి గట్టున పెట్టు" అని ఒకరికొకరు చెప్పుకొని ఇళ్లకు పోతారు.