హోమ్ థియేటర్ ప్రొజెక్టర్ చిత్రంలో నలుపు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ప్రొజెక్టర్ తెరపై నలుపు ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు.
• ప్రొజెక్టర్ వ్యత్యాస నిష్పత్తికీ, గదిలో వాస్తవంగా లభించే నిష్పత్తికీ ఉన్న తేడాను లెక్కకట్టగలుగుతారు.
• మంచి నలుపు కోసం గది, తెర, అమరికలను ఏ వరసలో సరిచేసుకోవాలో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

పగటిపూట, కిటికీలు తెరిచి ఉన్న గదిలో ప్రొజెక్టర్ తెరను గమనించండి. అది తెల్లగా ఉంటుంది. ఇప్పుడు ప్రొజెక్టర్‌ను ఆన్ చేసి, నల్లకోటు తొడుక్కున్న లాయరు కనిపించే దృశ్యాన్ని వేశామనుకుందాం. కోటు ఉండాల్సిన చోట తెర నల్లబడుతుందా? నల్లబడదు. ప్రొజెక్టర్ తెరకు కాంతిని చేర్చగలదే గాని, అక్కడ అప్పటికే ఉన్న కాంతిని తీసివేయలేదు. నల్లని కాంతి అంటూ ఏదీ లేదు. తెరపై మనం నలుపుగా చూసేది, చిత్రంలో కాంతి ఉండకూడని చోట మిగిలిపోయిన కాంతిని మాత్రమే. ఆ మిగులు ఎంత తగ్గితే నలుపు అంత చిక్కబడుతుంది.

కొత్తగా ప్రొజెక్టర్ కొనేవారు చాలామంది నలుపు సరిగా లేదనిపించగానే ఇంకా ఖరీదైన ప్రొజెక్టర్ వైపు చూస్తారు. ఆ ఖర్చు ఎప్పుడు ఫలిస్తుందో, ఎప్పుడు వృథా అవుతుందో తెలుసుకోవడం ఈ భాగం ఉద్దేశం.

2. నలుపును చెరిపే మూడు కాంతులు

(అ) ప్రొజెక్టర్ నుంచి జారిపోయే కాంతి: ఎల్‌సీడీ ప్రొజెక్టర్లలో ధ్రువణకారులు కాంతిని అడ్డుకుంటాయి, కాని పూర్తిగా అడ్డుకోలేవు. డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో 1987లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ రూపొందించిన సూక్ష్మదర్పణాల చిప్ ఉంటుంది. నలుపు కావలసిన చోట దర్పణం వంగి కాంతిని కటకానికి పోకుండా పక్కకు మళ్ళిస్తుంది. అయినా కొంత కాంతి చెదిరి కటకంలోకి చేరుతుంది. జేవీసీ (డీ-ఐఎల్‌ఏ), సోనీ (ఎస్‌ఎక్స్‌ఆర్‌డీ) వాడే ఎల్‌కాస్ పద్ధతిలో సాధారణంగా ఈ జారుడు తక్కువ.

(ఆ) బయటి కాంతి: కిటికీ సందులు, పక్కగది దీపం, ఏసీ మీది అంకెలు, వైఫై రౌటర్ దీపాలు.

(ఇ) చిత్రం నుంచే వెనక్కి వచ్చే కాంతి: దీన్ని ఎక్కువమంది గుర్తించరు. తెరపై పడిన కాంతి అన్ని దిక్కులకూ చెదిరి, తెల్లని గోడలనూ పైకప్పునూ తాకి, మళ్ళీ తెరమీదికే వస్తుంది. అందుకే దీపాలన్నీ ఆర్పినా, వెలుగు ఎక్కువున్న దృశ్యంలో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది.

3. ఒక లెక్క

తెరపై అత్యధిక తెలుపును అత్యల్ప నలుపుతో భాగిస్తే వచ్చేది వ్యత్యాస నిష్పత్తి. ఒక చదరపు మీటరుపై ఒక ల్యూమెన్ కాంతి పడితే ఆ ప్రదీప్తి ఒక లక్స్.

100 అంగుళాల, 16:9 తెర వైశాల్యం సుమారు 2.75 చదరపు మీటర్లు. 1375 ల్యూమెన్ల ప్రొజెక్టర్ దానిపై సుమారు 500 లక్స్‌ల తెలుపునిస్తుంది. ఇంతే వెలుగునిచ్చే రెండు ప్రొజెక్టర్లను తీసుకుందాం.

'క' నిష్పత్తి 2000:1. దాని నలుపు 500 ÷ 2000 = 0.25 లక్స్.
'చ' నిష్పత్తి 50,000:1. దాని నలుపు 500 ÷ 50,000 = 0.01 లక్స్.

గది నుంచి తెరపై 5 లక్స్‌లు పడుతున్నాయనుకోండి. ఈ కాంతి తెలుపుకూ కలుస్తుంది, నలుపుకూ కలుస్తుంది.

'క': 505 ÷ 5.25 = సుమారు 96
'చ': 505 ÷ 5.01 = సుమారు 101

కాగితం మీద 25 రెట్లున్న తేడా గదిలో దాదాపు మాయమైంది. ఇప్పుడు గది కాంతిని 0.05 లక్స్‌కు తగ్గిద్దాం.

'క': 500.05 ÷ 0.30 = సుమారు 1667
'చ': 500.05 ÷ 0.06 = సుమారు 8334

చీకటి గదిలోని 'క', వెలుగున్న గదిలోని 'చ' కంటే 16 రెట్లు మెరుగు. ఖరీదైన ప్రొజెక్టర్ గొప్పదనం గది చీకటిగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

4. ఏ వరసలో సరిచేయాలి?

4.1 మొదట గది: కిటికీలకు మందపాటి కర్టెన్లు వేసి, చిన్న దీపాలను కప్పండి. తరవాత తెరకు దగ్గరగా ఉన్న పైకప్పు, పక్కగోడల సంగతి చూడాలి. వెనక్కి వచ్చే కాంతిలో పెద్ద వాటా వీటిదే. మన ఇళ్ళలో గోడలు తెల్లగా, నేల నున్నటి టైల్స్‌తో ఉండడం మామూలు. గది మొత్తం మార్చడం కుదరకపోతే, తెర నుంచి మీటరున్నర దూరం వరకైనా మెరుపులేని ముదురు రంగు వేయండి, లేదా ముదురు గుడ్డ వేలాడదీయండి. తెర ముందు నేలమీద జంపఖానా పరచండి. మెరిసే నల్లరంగు పనికిరాదు, అది అద్దంలా ప్రతిఫలిస్తుంది.

4.2 తరవాత తెర: బూడిదరంగు తెర నలుపుతోపాటు తెలుపునూ తగ్గిస్తుంది. నేరుగా పడే బయటి కాంతి విషయంలో నిష్పత్తి మారదు, కాని గోడలకు వెళ్ళే కాంతి తగ్గడం వల్ల కొంత లాభం ఉంటుంది. పక్కల నుంచి వచ్చే కాంతిని తిరస్కరించే ప్రత్యేక తెరలు, చీకటి చేయడం సాధ్యంకాని హాలుకు తగినవి. 2.39:1 నిష్పత్తిలో తీసిన సినిమాలను 16:9 తెరపై చూస్తే పైనా కిందా పట్టీలు వస్తాయి. అవి తెరలో దాదాపు నాలుగో వంతు. వాటిని నల్ల వెల్వెట్ గుడ్డతో కప్పితే మిగతా చిత్రంలోని నలుపు కూడా చిక్కగా అనిపిస్తుంది.

4.3 చివరగా అమరికలు: పేరు ఎలా ఉన్నా, 'బ్రైట్‌నెస్' మీట నలుపు స్థాయిని, 'కాంట్రాస్ట్' మీట తెలుపు స్థాయిని మారుస్తాయి. 8-బిట్ వీడియోలో నలుపు సంఖ్య 16, తెలుపు సంఖ్య 235. ప్రొజెక్టర్‌ను అరగంట నడిపి, గది చీకటి చేసి, నలుపు పట్టీలున్న పరీక్షా చిత్రాన్ని వేయండి. 16 కంటే తక్కువ స్థాయి పట్టీ కనిపించకుండా పోయి, 16 కంటే కాస్త ఎక్కువ స్థాయి పట్టీ లీలగా కనిపించేచోట బ్రైట్‌నెస్‌ను ఆపండి. ఇంకా తగ్గిస్తే నలుపు చిక్కబడదు, నీడల్లోని వివరాలు మాత్రం పోతాయి.

ప్లేయర్, ప్రొజెక్టర్ రెండింటిలోనూ హెచ్‌డీఎంఐ శ్రేణి ఒకే విధంగా ఉండాలి. ప్లేయర్ 'లిమిటెడ్' పంపుతుంటే ప్రొజెక్టర్ 'ఫుల్' అనుకుంటే నలుపు బూడిదగా మారుతుంది. దీనికి తిరగబడితే నీడలు ముద్దకడతాయి.

5. ప్రకటనల్లోని సంఖ్యలు

పూర్తి తెల్ల చిత్రాన్నీ పూర్తి నల్ల చిత్రాన్నీ విడివిడిగా కొలిస్తే వచ్చే నిష్పత్తి పెద్దది. చీకటి దృశ్యం రాగానే డైనమిక్ ఐరిస్ రంధ్రాన్ని చిన్నది చేసి ఆ సంఖ్యను మరింత పెంచుతుంది. ఒకే చిత్రంలో వెలుగు, నీడ కలిసి ఉన్నప్పుడు అది అంతగా ఉపయోగపడదు. నలుపు, తెలుపు గడులు 16 ఉన్న చిత్రంతో కొలిచే యాన్సీ నిష్పత్తి ఇటువంటి దృశ్యాలకు దగ్గరగా ఉంటుంది. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పని సంఖ్యలను పోల్చకండి.

సారాంశం

తెరపై నలుపు అంటే మిగిలిన కాంతి. అది ప్రొజెక్టర్ నుంచి, బయటి నుంచి, చిత్రం నుంచే రావచ్చు. గది కాంతి తగ్గకుండా ప్రొజెక్టర్ మార్చితే ఫలితం స్వల్పం. గది, తెర, అమరికలు అనే వరస పాటించి, అప్పటికీ తృప్తి లేకపోతేనే కొత్త ప్రొజెక్టర్ గురించి ఆలోచించాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. తెలుపు 300 లక్స్, ప్రొజెక్టర్ నిష్పత్తి 3000:1, గది కాంతి 2.9 లక్స్ అయితే వాస్తవ నిష్పత్తి ఎంత?
2. దీపాలన్నీ ఆర్పిన తెల్లగోడల గదిలో నలుపు ఎందుకు పలచబడుతుంది?

జవాబులు
1. నలుపు 0.1 + 2.9 = 3.0 లక్స్, 302.9 ÷ 3.0 = సుమారు 101.
2. 2 (ఇ) చూడండి.