ఎద్దును చూసి కొంటాం – మరి నర్సింగ్ హోమును?

– బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి

వైద్యుణ్ణి నారాయణుడితో పోల్చారు మన పెద్దలు. పోల్చవచ్చు. కాని నారాయణుణ్ణి ఎవరూ రిజిస్ట్రేషన్ నంబరు అడగరు, నర్సింగ్ హోమును అడిగి తీరాలి.

ఒక మాట ముందుగా చెప్పుకుందాం. పాశ్చాత్య దేశాలలో నర్సింగ్ హోమంటే వృద్ధులను ఉంచి చూసుకునే చోటు. మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఆ మాటకు పది ఇరవై పడకల ప్రైవేటు దవాఖాన అని అర్థం. నేను రాసేది దీన్ని గురించే.

మాది వ్యవసాయ కుటుంబం. సంతలో ఎద్దును కొనేటప్పుడు మా నాయిన పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు, గిట్టలు ఎత్తి చూస్తాడు. కొమ్ములకు పూసిన రంగు చూసి పైస ఇయ్యడు. అదే మనిషి జబ్బు పడితే మాత్రం చలువరాతి నేల, అద్దాల తలుపు చూసి "మంచిగున్నది" అంటాడు. ఇది అందరిలో ఉన్న బలహీనతే. రంగు వేరు, రక్తం వేరు అని గ్రహించడానికి శాస్త్రం మనకొక దారి చూపింది.

1966లో అవెడిస్ డొనబీడియన్ అనే వైద్యుడు చికిత్స నాణ్యతను మూడు భాగాలుగా చూడాలన్నాడు. ఒకటి ఏర్పాట్లు: మనుషులు, గదులు, పరికరాలు. రెండు పని జరిగే తీరు. మూడు ఫలితం. సేద్యంలో విత్తనం–ఎరువు, దుక్కి–కలుపు, చివరకు పంట అన్నట్టే ఇది. పంట ఒక్కటే చూసి రైతును అంచనా వేయలేం, వాన కూడా కారణమే గదా! అట్లాగే రోగి బాగుపడ్డాడా లేదా అన్న ఒక్క సంగతితో దవాఖానను తూచలేం. అందుకే మూడూ చూడాలి.

ఏర్పాట్లలో మొదటిది, గోడమీద రిజిస్ట్రేషన్ పత్రం ఉన్నదా? 2010లో పార్లమెంటు చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తెలంగాణ కూడా స్వీకరించింది. 2012 నాటి నియమాల ప్రకారం చికిత్సల రేట్లు ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలో కూడా అందరికీ కనబడేటట్టు పెట్టాలి. రెండవది, రాత్రి రెండు గంటలకు డాక్టరు ఉంటాడా, లేక ఫోను చేస్తే వస్తాడా? పగటిపూట చూసి రాత్రిని ఊహించుకోవద్దు. నర్సు శిక్షణ పొందిన మనిషేనా? అడగడం అవమానం కాదు.

పని తీరును చేతులే చెబుతాయి. 1847 ఏప్రిల్‌లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలోని ఒక విభాగంలో వందకు 18 మంది బాలింతలు చనిపోయారు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోనిదే ఎవరూ రోగిని ముట్టరాదన్నాడు. జూన్ నాటికి ఆ సంఖ్య సుమారు 2కు దిగింది. కాబట్టి మంచం పక్కన కూర్చున్నవారు గమనించవలసింది ఇదే. ఒక రోగిని ముట్టిన చేయి కడుక్కోకుండానే ఇంకో రోగిని ముట్టుతున్నదా? వాడిన సూదులను వేరే డబ్బాలో వేస్తున్నారా, చెత్తబుట్టలో పారేస్తున్నారా?

మన ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అటువంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మక్రిములే బతికి పెరుగుతాయి. కనుక ప్రతి జ్వరానికీ యాంటీబయాటిక్ రాసే నర్సింగ్ హోము కంటే, అవసరమైనచోట కల్చర్ పరీక్ష చేయించి మందు ఎంచుకునేదే మేలు.

ఇక ఫలితం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పులలో 81.5 శాతం, సర్కారు ఆసుపత్రులలో 44.5 శాతం సిజేరియన్లు. 10–15 శాతం దాటనవసరం లేదని 1985లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నది. ఫలానా ఆపరేషను అనవసరమని ఈ లెక్కతో తేలదు. కాని "ఆపరేషను ఎందుకు? ఆగితే ఏమైతది? వేరే దారి లేదా?" అని మూడు ప్రశ్నలు అడిగే హక్కు ఉన్నదని మాత్రం తేలుతుంది. ఓపికగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే సగం నాణ్యత దొరికినట్టే.

మూడేళ్ళ కిందట మా పెద్దనాయినను ఒక నర్సింగ్ హోములో చేర్చారు. ఇంటికి పంపేనాడు బిల్లు ఒకటే అంకె చెప్పారు. రెండు బర్రెలు అమ్మి కట్టినం. మళ్ళీ నొప్పి వచ్చి ఇంకో డాక్టరు దగ్గరికి పోతే, "అక్కడ ఏం మందులిచ్చిన్రు?" అని ఆయన అడిగాడు. ఇచ్చిన చీటీలో ఆ వివరమే లేదు. పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి చేయవలసి వచ్చింది.

అడిగిన 72 గంటలలో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలు చెబుతున్నాయి. డబ్బు తీసుకొని చేసే చికిత్స వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ రెండు సంగతులు ఊళ్ళో ఒక్కరికి తెలిసినా ఇంకో ఇంటి బర్రెలు మిగులుతాయి.

అయితే ఆపద వచ్చిన గడియలో ఎంచుకునే తీరిక ఎక్కడిది? 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు మరణించారు. అటువంటప్పుడు పళ్ళు లెక్కపెట్టే సంతబేరం కుదరదు. గాయపడినవారికి ఏ డాక్టరైనా ముందు ప్రాణరక్షణ చేయాలి, పోలీసు కాగితాలు తర్వాత అని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాని కాలిన గాయాలకు వసతి ఎక్కడున్నది, రక్తం ఎక్కడ దొరుకుతుంది, కార్మికునికి రామచంద్రాపురం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఎంత దూరం, ఆరోగ్యశ్రీ ఎక్కడ చెల్లుతుంది – ఇవన్నీ ఆపద రాకముందే తెలిసి ఉండాలి.

మిత్రులారా! మనలో చాలామంది చుట్టుపక్కల పల్లెలనుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళమే. సెలవులలో ఇద్దరిద్దరు కలిసి దగ్గరి దవాఖానలకు పోయి, పైన చెప్పిన ప్రశ్నలు మర్యాదగా అడిగి, జవాబులు ఒక నోటుబుక్కులో రాసి, పంచాయతీ ఆఫీసులో పెడితే చాలు. సర్కారు దవాఖానను కూడా విడువవద్దు, అదే కొలత దానికీ. దీనికి పెద్ద డిగ్రీ అక్కరలేదు. ఎద్దు గిట్ట ఎత్తి చూసే రైతు కన్ను ఉంటే సరిపోతుంది.