మధుమేహం ఉన్నవారు పళ్లకు క్లిప్పులు వేయించుకోవచ్చునా?

ఎగుడుదిగుడు పళ్లను సరిచేయించుకోవడం పిల్లల వ్యవహారమని ఒకప్పటి అభిప్రాయం. నేడు ముప్పై, నలభై యేళ్లవారు సైతం క్లిప్పులు వేయించుకుంటున్నారు. అనేకులకు మధుమేహం బయటపడే వయస్సూ అదే. ‘షుగరు ఉంటే క్లిప్పులు పనికిరావు’ అనే మాటలో సగమే నిజం. చక్కెర అదుపులో ఉన్నవారికి ఈ చికిత్స నిషిద్ధం కాదు. అదుపు తప్పినవారికి హాని చేయగలదు.

తీగ ఒత్తిడికి పన్ను జరిగే వైపున దవడ ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, వెనుక వైపున కొత్త ఎముక ఏర్పడుతుంది. ఈ రెండూ సమంగా సాగితేనే పన్ను కొత్త చోట నిలదొక్కుకుంటుంది. చక్కెర హెచ్చుగా ఉన్నవారిలో చిగుళ్లవాపు త్వరగా ముదిరి, పంటి చుట్టూ ఎముక తరిగిపోతుంది. అటువంటి చిగుళ్లపై తీగ బిగిస్తే వరుస కుదిరినా పళ్లు వదులు కావచ్చు. కనుక చిగుళ్ల నుండి రక్తం కారేవారికి ముందు చిగుళ్ల చికిత్స, పిమ్మటే క్లిప్పులు.

దంతవైద్యుడు సాధారణంగా హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితం అడుగుతాడు. ఇది గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలుపుతుంది. చాలామందికి 7 శాతం లోపు ఉంటే మంచి అదుపుగా భావిస్తారు; వయస్సును, ఇతర జబ్బులను బట్టి ఈ హద్దు మారుతుంది. చికిత్స ఏడాదిన్నర, రెండేళ్లు సాగేది గనుక ఒక్క పరీక్షతో సరిపోదు. ముంబై తెలుగు కుటుంబాలలో షుగరు డాక్టరు కరీంనగర్‌లోనో పాలమూరులోనో, పళ్ల డాక్టరు ఇక్కడా ఉండడం కద్దు. ఒకరి కాగితాలు మరొకరికి చూపించే బాధ్యత అప్పుడు రోగిదే.

ఎక్కువ జాగ్రత్త కావలసింది తీగ బిగించిన తరువాతి రెండు మూడు రోజులలో. జొన్నరొట్టె మాట అటుంచి, అన్నం నమలడమూ కష్టమవుతుంది. తిండి తగ్గించి ఇన్సులిన్ మాత్రం ఎప్పటిలాగే తీసుకుంటే చక్కెర పడిపోయి చెమట, వణుకు, కళ్లు తిరగడం కలుగుతాయి. కొన్ని మాత్రలతోనూ ఈ ప్రమాదముంది. వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి త్రాగి, పావుగంట తరువాత చక్కెర చూసుకోవాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయకుండా ఆస్పత్రికి చేర్చాలి. ఆ రోజులకు మెత్తని పప్పన్నం, సాంబారులో నానిన ఇడ్లీ అనుకూలం. ఇన్సులిన్ తమంతట తాము మానరాదు. మోతాదు సంగతి ముందే వైద్యుని అడిగి ఉంచుకోవాలి. రక్తపరీక్షకు వెళ్లినట్లు పరగడుపున దంతవైద్యుని వద్దకు వెళ్లేవారున్నారు; ఫలాహారం, మందులు ముగించుకొని ఉదయం వెళ్లడమే మేలు.

తీగ గీసుకొన్న పుండ్లు వీరికి ఆలస్యంగా మానుతాయి. గరుకుగా తగిలేచోట దంతవైద్యుడిచ్చే మైనం అద్దాలి. వారం దాటినా మానకుంటే చూపించాలి.

ముంబై సెంట్రల్ సమీపంలోని నాయర్ ఆస్పత్రి దంతవైద్య కళాశాల నగరపాలిక నడిపేదే. అక్కడ మొదటి రోజే కేసు పేపరుపై మధుమేహం సంగతి, మందుల పేర్లు వ్రాయించాలి. మరాఠీలోనూ ‘మధుమేహ’ అనే అంటారు గనుక చెప్పుకోవడానికి భాష అడ్డు కాదు.