అక్షరాల మారువేషం

మషలమ్మతేచ అనే ఊరు ఏ పటంలోనూ కానరాదు. అయినప్పటికీ శ్రీకాకుళం జిల్లావారిలో ఆ ఊరు ఎరుగనివారు అరుదు. అది నరసన్నపేట! ‘న’కు ‘మ’, ‘ర’కు ‘ష’, ‘స’కు ‘ల’, ‘ప’కు ‘త’, ‘ట’కు ‘చ’ ప్రతినిధులుగా నిలిచినందున అంతటి పట్టణమూ మారువేషం ధరించింది. గుణింతపు గుర్తులను ముట్టుకోలేదు. హల్లులను మాత్రమే మార్చడం జరిగింది.

ఈ మార్పిడి నేటి బాలుర వినోదం కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో ‘మ్లేచ్ఛితవికల్పం’ ఒకటి. అనగా తెలిసిన మాటనే ఇతరులకు తెలియకుండా చెప్పే నేర్పు. ఆ గ్రంథానికి యశోధరుడు రచించిన జయమంగళ వ్యాఖ్యలో మూలదేవుని పేరిట ఒక పద్ధతి ఉన్నది. అందులో అక్షరాలు జంటలు జంటలుగా స్థానాలు మార్చుకుంటాయి. ‘న’కు ‘మ’ అయితే ‘మ’కు ‘న’. కనుక దాచడానికీ, విప్పడానికీ ఒక్కటే సూత్రం చాలును. రోము సేనాని జూలియస్ సీజరు ప్రతి అక్షరానికీ బదులు వర్ణమాలలో దానికి మూడవ స్థానం ముందున్న అక్షరాన్ని వ్రాసేవాడట. మన హల్లులను ఒక్కొక్క స్థానం ముందుకు జరిపినట్లయితే విజయనగరం ‘శిఝరపఘలం’ అవుతుంది.

ఇట్టి వ్రాత నిజంగా రహస్యాన్ని కాపాడగలదా? ‘క’ మొదలు ‘ళ’ వరకు 34 హల్లులను లెక్కించినచో, సీజరు రీతిలో జరపడానికి 33 విధాలు మాత్రమే ఉన్నాయి. ఓపిక గల విద్యార్థి ఒక్క పూటలో అన్నింటినీ పరీక్షించి చూడవచ్చును. అట్లు కాక హల్లులను ఇష్టం వచ్చినట్లు తారుమారు చేసినచో సాధ్యమయ్యే విధాల సంఖ్య 39 అంకెలు గల మహాసంఖ్య. అన్నింటినీ పరీక్షించడం మానవమాత్రునికి అసాధ్యం. అయినా ఈ కోట నిలువదు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో నివసించిన అల్ కిందీ అనే పండితుడు దీనికి ఉపాయం వ్రాసి పెట్టాడు. భాషలో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కించి, గూఢలిపిలో అంత తరచుగా వచ్చే గుర్తుతో పోల్చి చూడమన్నాడు. అక్షరం వేషం మార్చగలదు గాని నడక మార్చలేదు.

తెలుగులో ఆ నడక మరింత సులభంగా పట్టుబడుతుంది. బహువచనపు ‘లు’, విభక్తులైన ‘ను’, ‘లో’ పదాల చివర మాటిమాటికీ వస్తాయి. మూలదేవుని పద్ధతిలో వ్రాసిన లేఖలో అనేక పదాలు ‘సు’తో ముగుస్తాయి. అది ‘లు’ కావచ్చునని ఊహించిన క్షణంలోనే ‘సో’ అన్నది ‘లో’ అని తేలిపోతుంది. నరసన్నపేటలోని ద్విత్వం మారువేషంలో సైతం ద్విత్వంగానే మిగిలింది. తాకకుండా వదలిన గుణింతాలు కూడా జాడ చెప్పేవే.

మరి రహస్యానికి కొరగాని ఈ మార్పిడి ఎందుకు పనికివచ్చింది? దీనికి కళింగసీమలోనే చక్కని సమాధానం ఉన్నది. నరసన్నపేట ప్రాంతపు నడగాంలో దొరికిన తూర్పు గాంగరాజు వజ్రహస్తుని తామ్రశాసనాన్ని గిడుగు రామమూర్తి పంతులుగారు ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. అందులో ఆ రాజు పట్టాభిషేక సంవత్సరం అంకెలలో కాక మాటలలో ఉన్నది: వియత్తు, ఋతువు, నిధి. వియత్తు అనగా ఆకాశం, అది సున్న, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. కుడినుండి ఎడమకు పేర్చగా శక సంవత్సరం 960, అనగా క్రీ. శ. 1038 తేలుతుంది. ఇది అక్షరాల మార్పిడి కాదు, అంకెకు మాటను నిలిపే పద్ధతి. అయినా దాని దగ్గరి చుట్టమే. ఇక్కడి ఉద్దేశం దాచడం కాదు, నిలపడం. అంకె ఒకటి చెరిగితే, చెరిగినట్లు ఎవరికీ తెలియకపోవచ్చును. శ్లోకంలో మాట తప్పితే ఛందస్సే ఆ తప్పును పట్టి ఇస్తుంది.

సంగీతంలోని కటపయాది కూడా ఇట్టిదే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. కర్ణాటక సంగీతం అభ్యసించేవారికి 72 మేళకర్తల సంఖ్యలు వాటి పేర్లలోనే దొరుకుతాయి. ధీరశంకరాభరణంలో ‘ధ’ తొమ్మిది, ‘ర’ రెండు, తిరుగవేస్తే 29. మేచకల్యాణిలో ‘మ’ అయిదు, ‘చ’ ఆరు; అది 65. ఈ తాళపుచెవి అందరి చేతిలోనూ ఉన్నది కనుకనే అది జ్ఞాపకానికి ఊతమైంది.

కాబట్టి అక్షరాల మార్పిడిని తెరగా భావించాలే గాని తాళంగా భావించరాదు. పొడుపుకథ క్రింద విడుపును ఈ లిపిలో వ్రాస్తే తొందరపాటు చూపు దానిమీద పడదు. తెలుసుకొనగోరినవాడు కొంత శ్రమపడి తెర తొలగిస్తాడు. అంతవరకు అది మర్యాదగల సాధనం. పరీక్షాపత్రాన్నో, బ్యాంకు ఖాతా సంకేతపదాన్నో ఇట్టి తెర వెనుక ఉంచి నిశ్చింతగా ఉండడం మాత్రం అవివేకం.

తరగతి గదిలో దీనికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది. ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకంలోని ఒక పేరాను మూలదేవుని పద్ధతిలో మార్చి నల్లబల్లపై వ్రాసి, సూత్రం చెప్పకుండా విప్పమన్నచో, విద్యార్థులు పదాంతాలను లెక్కించక తప్పదు. బహువచనం ఎక్కడ వస్తుందో, విభక్తి ఏ పదానికి అంటుతుందో, ఏ హల్లు ద్విత్వమవుతుందో వారే వెదకి తెలుసుకుంటారు. వ్యాకరణ సూత్రాలను వల్లెవేయడానికి బద్ధకించే బాలుడు సైతం, గూఢలిపిని విప్పడం కోసమైనా, తన భాష నడకను శ్రద్ధగా గమనిస్తాడు.