పాస్టర్ మాట.. అభ్యర్థి మెడకు

2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో చికాగో పాస్టర్ జెరెమియా రైట్ మాటలు దుమారం లేపాయి. అభ్యర్థి బరాక్ ఒబామాకు పెళ్లి జరిపించింది, పిల్లలకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. నల్లవారికి జరిగిన అన్యాయాలకు అమెరికాను దేవుడు శపించాలన్న 2003 నాటి ఆయన ప్రసంగం మార్చిలో టీవీలకెక్కింది.

మార్చి 18న ఫిలడెల్ఫియాలో ఒబామా ఆ మాటలను ఖండించారు. మనిషిని మాత్రం వదులుకోలేనన్నారు. నల్లవారి పాత గాయాలను, తెల్లవారి కినుకను ఒకే సభలో విప్పి చెప్పారు. గొడవ సద్దుమణగలేదు. ఏప్రిల్ 28న వాషింగ్టన్‌లో విలేకరుల ముందు రైట్ తన మాటలను సమర్థించుకున్నారు. మర్నాడే ఒబామా తెగతెంపులు చేసుకున్నారు. మే నెలాఖరున ఇరవై ఏళ్ల నాటి చర్చినీ విడిచారు.

నవంబరులో ఆయనే గెలిచారు. చెప్పింది పాస్టరు. సంజాయిషీ ఇచ్చుకున్నది మాత్రం విన్నవాడు.